43 ఏళ్ల వయసులో, ఉద్యోగం చేసుకుంటూ, దగ్గరి కళాశాలలో డిగ్రీలో చేరవచ్చా?

మలిచదువు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా వయసు 43. పాఠశాల చదువు ముగిసిన ఏడాదే ఇంటి బాధ్యత మీద పడడంతో ఉద్యోగంలో చేరాను. అప్పటి నుంచి ఇప్పటి దాకా జమాఖర్చుల విభాగంలోనే పనిచేస్తున్నాను. పని మీద నాకు పట్టు ఉంది, నా మీద పైవాళ్లకు నమ్మకమూ ఉంది. అయినా డిగ్రీ లేని కారణంగా, నా దగ్గర పని నేర్చుకున్నవారే నాకు పై అధికారులుగా రావడం రెండుసార్లు చూశాను. అది ఒక కారణమే గాని అసలు కారణం కాదు. చరిత్ర చదవాలన్న కోరిక నాకు 16వ ఏట నుంచి ఉంది. అది ఇన్నేళ్లలో తగ్గలేదు సరికదా, పిల్లల చరిత్ర పాఠాలు వాళ్లకంటే ముందు నేనే చదివి ముగించేంతగా పెరిగింది.

మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక కళాశాల ఉంది. ఉద్యోగస్తుల కోసం అక్కడ వారానికి మూడు సాయంత్రాలు తరగతులు నడుపుతున్నారు. డిగ్రీ పూర్తి కావడానికి ఆరేళ్లు పడుతుందని చెప్పారు. ఇంతకంటే పేరున్న మరో విద్యాసంస్థలోనూ ఇలాంటి కోర్సే ఉంది గాని, అక్కడికి ఒకవైపు ప్రయాణానికే 40 నిమిషాలు పడుతుంది. ఇంట్లోనే కూర్చుని చదువుకునే దూరవిద్య మూడో దారి. ఈ మూడింటిలో ఏది పట్టుకోవాలో తేల్చుకోలేక రెండు నెలలుగా దరఖాస్తు నింపకుండా దగ్గరే పెట్టుకున్నాను.

నన్ను వెనక్కి లాగుతున్న సంగతులు కూడా చెబుతాను. ఈమధ్య ఏదైనా పుస్తకం చదివితే, పేజీ తిప్పేసరికి వెనక పేజీలో ఏముందో చెప్పలేకపోతున్నాను. సాయంకాలపు డిగ్రీకీ దూరవిద్య డిగ్రీకీ లోకంలో విలువ తక్కువని మా బంధువు ఒకరు నా ముఖం మీదే అన్నారు. చివరిది, పూర్తయ్యేసరికి నాకు 49 ఏళ్లు వస్తాయి. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

సాయంకాలపు బడి (మొదటి సమాధానం)

మలిచదువు గారికి నమస్కారం. నేను 45వ ఏట చేరి 51వ ఏట డిగ్రీ పూర్తి చేశాను, అదీ మీరు చెప్పినటువంటి సాయంకాలపు తరగతుల్లోనే. కనుక నా అనుభవం మీకు పనికివస్తుందనుకుంటున్నాను. మీరు ఏళ్లు లెక్కపెడుతున్నారు. ముందు గంటలు లెక్కపెట్టండి. నాతో చేరినవారిలో మధ్యలో మానేసినవారు చాలామందే ఉన్నారు. వాళ్లలో తెలివి తక్కువై మానేసినవారు నాకు ఒక్కరూ గుర్తుకు రారు, వారంలో చదువుకు చోటు ఎక్కడుందో చూసుకోకుండా చేరి ఊపిరాడక మానేసినవారే అందరూ.

డిగ్రీని క్రెడిట్లలో కొలుస్తారు. క్రెడిట్ అంటే తరగతిలో కూర్చున్న సమయం మాత్రమే కాదు, ఇంట్లో చదివినదీ, వ్యాసం రాసినదీ, పరీక్షకు సిద్ధమైనదీ అన్నీ కలిపిన లెక్క. బ్రిటన్‌లో ఒక క్రెడిట్‌కు 10 గంటల చదువు అవసరమని అంచనా. అక్కడ ఆనర్స్ డిగ్రీకి 360 క్రెడిట్లు, అంటే 3,600 గంటలు. ఐరోపా దేశాల ఉమ్మడి పద్ధతిలో ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు, పూర్తికాలం చదివేవారికి ఏడాదికి 60 క్రెడిట్లు. మీరు చేరబోయే చోట ఏ పద్ధతి ఉందో కనుక్కుని, క్రెడిట్లను గంటల్లోకి మార్చి చూసుకోండి. నేను 3,600 గంటలనే పట్టుకుని లెక్క చెబుతాను. ఆరేళ్లకు పంచితే ఏడాదికి 600 గంటలు వస్తాయి. తరగతులు జరిగే 30 వారాల్లోనే చదువు పూర్తిచేయాలనుకుంటే వారానికి 20 గంటలు కావాలి. సెలవుల్లో కూడా పుస్తకం వదలకుండా 50 వారాలకు సర్దుకుంటే 12 గంటలు చాలు. ఉద్యోగం ఉన్నవారికి 20కీ 12కీ మధ్య ఉన్న తేడా మామూలు తేడా కాదు. నేను రెండో పద్ధతినే పట్టుకున్నాను, అందుకే గట్టెక్కాను.

ఇప్పుడు ఆ 40 నిమిషాల ప్రయాణం సంగతి చూడండి. రానూపోనూ 80 నిమిషాలు, మూడు సాయంత్రాలకు 4 గంటలు, 30 వారాలకు 120 గంటలు, ఆరేళ్లకు 720 గంటలు. మీ డిగ్రీలో ఒక ఏడాది చదువుకు కావలసిన 600 గంటలకంటే ఇది ఎక్కువ. కొందరు బండిలో కూర్చుని చదువుకుంటామంటారు. కూర్చునే చోటు దొరికి, కళ్లు మూతపడకుండా ఉంటే మంచిదే. పగలంతా అంకెలు చూసి వచ్చిన నాకైతే అది సాగలేదు. మొదటి ఏడాది నేను దూరంగా ఉన్న విద్యాసంస్థలోనే చేరాను, రెండో ఏడాదికి ఇంటి దగ్గరి కళాశాలకు మారాను. దగ్గర కావడం వల్ల కలిసివచ్చేది గంటలే కాదు. ఆఫీసులో ఆలస్యమైన రోజున దగ్గరి కళాశాలకైతే చివరి పాఠానికైనా అందుకుంటాం, దూరమైతే ఆ రోజుకు వదిలేస్తాం. అలా రెండు మూడు వారాలు వదిలేసినవారు తిరిగి తరగతిలో అడుగుపెట్టడానికి మొహమాటపడతారు. ఇక గ్రంథాలయం నడక దూరంలో ఉండడం ఎంత భాగ్యమో ఆదివారం ఉదయం అక్కడ కిటికీ పక్కన కూర్చున్నప్పుడు మీకే తెలుస్తుంది.

మీరు దరఖాస్తు నింపే ముందు ఒక పని చేయండి. నేను ఒక పెద్ద కాగితం మీద రోజుకొకటిగా ఏడు నిలువు వరుసలు గీసి, వాటిని గంటకొక గడిగా విడదీసి, ఏ గంటలో ఏం చేశానో రెండు వారాల పాటు ఏ రోజుకు ఆ రోజు పెన్సిల్‌తో రాసుకున్నాను. చేయాలనుకున్నది కాదు, నిజంగా చేసినది. సాయంత్రాలన్నీ నాకు ఖాళీగానే ఉంటాయని అప్పటి దాకా గట్టిగా నమ్మాను. తీరా చూస్తే వారం మొత్తంలో నిజంగా తెల్లగా మిగిలినవి తొమ్మిది గళ్లు. నాకు కావలసినవి పన్నెండు. ఆ మూడు గంటలు ఎక్కడి నుంచి వస్తాయో ఆ కాగితం మధ్యలో పెట్టుకుని ఇంట్లో అందరం మాట్లాడుకున్నాం. రెండు గంటల పని మా వారు అందుకున్నారు, ఒక గంట నేను తెల్లవారుజామున వెతుక్కున్నాను. ఇంట్లోవాళ్లు "నీ చదువుకు మేమేమీ అడ్డు చెప్పం" అంటే సరిపోదండీ. ఏ రోజు ఏ పని ఎవరు అందుకుంటారో పేరుతో సహా తేలాలి.

నల్లబల్ల (రెండో సమాధానం)

నేను చాలా ఏళ్లుగా ఉద్యోగస్తుల తరగతులకు పాఠం చెబుతున్నాను. మలిచదువు గారు జ్ఞాపకశక్తి గురించి అడిగిన మాటకే నేను జవాబు చెబుతాను, ఎందుకంటే ప్రతి ఏడాదీ మొదటి వారంలోనే ఈ మాటను నాతో ఎవరో ఒకరు, తరగతి అయ్యాక తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి చెబుతారు.

వయసుతో పాటు మెదడు పనిచేసే వేగం తగ్గే మాట నిజమే. కొత్త విషయాన్ని అందుకోవడానికి 20 ఏళ్ల వాళ్లకు పట్టిన దానికంటే మీకు కొంత ఎక్కువ సమయం పడుతుంది. అయితే పదసంపద, లోకజ్ఞానం, ఒక విషయాన్ని మరో విషయంతో ముడిపెట్టి చూసే నేర్పు నడివయసులో తగ్గవు, చాలామందిలో పెరుగుతాయి కూడా. చరిత్రకు కావలసిన సరంజామా ఎక్కువగా ఈ రెండో రకమే. మీరు జమాఖర్చుల్లో ఇన్నేళ్లు పనిచేసినవారు. మనకు దొరికిన అతి పురాతనమైన రాతల్లో అధిక భాగం రాజుల కథలు కావు, పద్దులు. మెసపొటేమియాలోని ఉరుక్ నగరంలో, క్రీస్తుపూర్వం నాలుగో సహస్రాబ్ది చివరి కాలంలో, ధాన్యాన్నీ పశువులనూ లెక్కగట్టి మట్టి పలకల మీద గుర్తులు వేసి ఉంచారు. అటువంటి పలక ఫొటో చూపించినప్పుడు కుర్రవాళ్లకు గీతలు కనబడతాయి. పద్దు రాసిన అనుభవం ఉన్నవారు మాత్రం ఏది సరుకు, ఏది మొత్తం, ఎక్కడ తేడా వచ్చింది అని అడుగుతారు. నా తరగతిలో ఇది నేను కళ్లారా చూశాను.

పేజీ తిప్పేసరికి మరచిపోవడానికి వయసుకంటే చదివే పద్ధతి ఎక్కువ కారణం. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నదానిలో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే, మొదటి రోజులోనే జారిపోతుందని 1885లో ప్రకటించాడు. అప్పటికి ఆయన వయసు 35 మాత్రమే. మరచిపోవడం మనిషి స్వభావం, దాన్ని ఆపే ఉపాయం మళ్లీ మళ్లీ చదవడం కాదు. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులు కొందరు ఒక పాఠాన్ని తిరిగి చదివారు, మరికొందరు అదే పాఠాన్ని మూసి గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే తిరిగి చదివినవారే ఎక్కువ చెప్పగలిగారు. వారం తరువాత అడిగితే, మూసి రాసినవారు ఎక్కువ చెప్పగలిగారు. తిరిగి చదివినప్పుడు వచ్చింది వచ్చినట్టే అనిపిస్తుంది, ఆ అనిపించడంలోనే మోసపోతాం.

ఒకసారి ఒక విద్యార్థిని, దాదాపు మీ వయసే ఉంటుంది, ఎంత చదివినా నిలవడం లేదని పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. పేజీలో పసుపు రంగు పూయని వాక్యం ఒక్కటీ లేదు. మార్జిన్ మాత్రం తెల్లగా ఉంది. ఆ పుస్తకం మూసి, ఒక ఖాళీ కాగితం ఇచ్చి, ఆ అధ్యాయంలో గుర్తున్నది రాయమన్నాను. మొదట నాలుగు వాక్యాలే వచ్చాయి. ఆ నాలుగింటినీ పుస్తకంతో పోల్చి, తప్పిపోయినవాటిని మరో రంగు కలంతో చేర్చమన్నాను. రెండు రోజులాగి మళ్లీ ఖాళీ కాగితంతో, ఆ తరువాత వారం ఆగి మళ్లీ. అంతకుమించి నేను ఆమెకు నేర్పింది ఏమీ లేదు. ఆ సెమిస్టర్ చివరికి ఆమె వ్యాసాలు తరగతిలో చదివి వినిపించదగ్గవయ్యాయి. మీరు కూడా ఇప్పటి నుంచే, ఏ కోర్సులో చేరకముందే, రోజుకు ఒక పేజీతో ఇది మొదలుపెట్టండి. నిద్ర తగ్గించుకుని మాత్రం చదవకండి. చదివినది స్థిరపడడంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది.

సగందారి (మూడో సమాధానం)

పైవారిద్దరూ చదువు గురించి చక్కగా చెప్పారు. నేను కాగితాల గురించి చెబుతాను, ఎందుకంటే నా చదువు ఆగింది కాగితాల దగ్గరే.

నేను 38వ ఏట ఇంటికి దగ్గరలోని ఒక సంస్థలో పార్ట్‌టైమ్ డిగ్రీలో చేరి రెండేళ్లు శ్రద్ధగా చదివాను. మూడో ఏడాది మొదట్లో, చేరినవారి సంఖ్య చాలడం లేదని ఆ కోర్సును ఆపేశారు. పగటి తరగతులకు మారవచ్చన్నారు గాని, పగలు నాకు ఉద్యోగం ఉంది. మరో చోటికి వెళితే, మీరు ఏ అంశాలు ఎంత లోతుగా చదివారో పాఠ్యప్రణాళిక చూపించమన్నారు. నా దగ్గర మార్కుల పత్రాలు తప్ప పాఠ్యప్రణాళిక లేదు. పాత సంస్థను అడిగితే ఆ ఏడాది ప్రతి దొరకడం లేదని తిప్పించారు. చివరికి నా రెండేళ్లలో ఒక్క ఏడాదిని మాత్రమే కొత్త చోట లెక్కలోకి తీసుకున్నారు. ఆ పోయిన ఏడాది కోసం నేను వదులుకున్న ఆదివారాలను తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుచేత మీరు కార్యాలయానికి వెళ్లినప్పుడు నోటి మాటతో తిరిగి రావద్దు, రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. సంస్థకు గుర్తింపు ఉందా అని మాత్రమే అడిగితే చాలదు. మీరు చేరే ఆ కోర్సుకు, మీరు చదివే ఆ పార్ట్‌టైమ్ లేదా దూరవిద్య పద్ధతికి, మీరు చేరే ఆ ఏడాదికి గుర్తింపు ఉందా అని అడగండి. డిగ్రీని గరిష్ఠంగా ఎన్నేళ్లలో ముగించాలో, ఇంట్లో అనారోగ్యం వంటి అవసరం వస్తే ఎంతకాలం విరామం తీసుకోవచ్చో, తిరిగి వచ్చాక పాత పాఠ్యప్రణాళికే కొనసాగుతుందో కొత్తది మొదటి నుంచి చదవాలో తెలుసుకోండి. కోర్సు మధ్యలో ఆగిపోతే అప్పటికే చేరినవారిని చివరి వరకూ చదివిస్తామన్న హామీ ఉందేమో చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి సెమిస్టర్‌లోనూ ఆ ఏటి పాఠ్యప్రణాళికను ముద్రించి, మార్కుల పత్రంతో కలిపి మీ దగ్గర భద్రపరచుకోండి. ఉద్యోగానుభవానికి కొన్ని చోట్ల కొద్దిపాటి క్రెడిట్లు ఇస్తారు. చరిత్ర డిగ్రీలో అది ఎంతవరకు కుదురుతుందో గాని, అడిగితే పోయేదేమీ లేదు. నేను ఇప్పుడు కొత్త చోట నాలుగో ఏడాదిలో ఉన్నాను.

తపాలా విద్యార్థి (నాలుగో సమాధానం)

మీ బంధువు అన్న మాట గురించి రెండు ముక్కలు చెప్పాలనిపించింది. లండన్‌లోని బర్క్‌బెక్ కళాశాల 1823లో శ్రామికుల కోసం మొదలై, పగలు పనిచేసేవారికి సాయంత్రాలు చదువు చెప్పడమే తన ప్రత్యేకతగా నిలుపుకుంది. లండన్ విశ్వవిద్యాలయం 1858 నుంచే, తన తరగతుల్లో కూర్చోనివారిని కూడా పరీక్ష రాసి డిగ్రీ పొందనిచ్చింది. బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడి, 1971లో తొలి విద్యార్థులను చేర్చుకుంది. భారతదేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో ఏర్పడింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో నడుస్తోంది. దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం దూరవిద్య ద్వారా నెల్సన్ మండేలా న్యాయశాస్త్ర పట్టాను 1989లో, ఖైదులో ఉండగానే, 70 ఏళ్లు దాటాక పొందారు. ఇది చిన్నచూపు చూడవలసిన చదువు కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే నేను దూరవిద్యలోనే చదివినవాణ్ణి కాబట్టి, దానిలోని కష్టాన్ని కూడా దాచకుండా చెబుతాను. ఎటూ కదలలేనివారికి, వేళాపాళా లేని ఉద్యోగం ఉన్నవారికి అది వరం. కానీ అర్థం కాని చోట పక్కన అడగడానికి మనిషి ఉండరు, ఈ వారం ఇది చదవాలని గుర్తుచేసే గంట మోగదు. నేను ఒక అసైన్‌మెంట్ ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకుని, మూడు వారాలు కష్టపడి, వేరే ప్రశ్నకు జవాబు రాసి పంపాను. తరగతిలో ఉంటే ఆ పొరపాటు మొదటి అయిదు నిమిషాల్లో తేలిపోయేది. మీకు నడక దూరంలో కళాశాల, సాయంత్రాలు తీరిక రెండూ ఉన్నప్పుడు నేనైతే అక్కడే చేరతాను.

మలిచదువు (తిరుగు జవాబు)

మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. సాయంకాలపు బడి గారు చెప్పినట్టే రెండు వారాలు కాగితం మీద రాశాను. నాకు మిగిలినవి ఏడు గళ్లే. మొన్న కళాశాల కార్యాలయానికి వెళ్లి సగందారి గారు చెప్పిన ప్రశ్నలన్నీ రాసి ఇచ్చాను. గరిష్ఠ గడువు తొమ్మిదేళ్లని, ఏడాదికి తీసుకునే సబ్జెక్టుల సంఖ్య తగ్గించుకోవచ్చని రాతపూర్వకంగానే జవాబిచ్చారు. ఒక సాయంత్రం తరగతిలో కూర్చుని చూడడానికి కూడా అనుమతించారు. ఆ గదిలో ఉన్నవారిలో నాకంటే పెద్దవారు ఇద్దరు కనిపించారు. ఇంకొక్క సందేహం. కలం పట్టి మూడు గంటలు ఏకధాటిగా రాసి పాతికేళ్లయింది. ఆఫీసులో అంతా కీబోర్డే. పరీక్షలో చేయి సాగుతుందా?

సాయంకాలపు బడి

ఏడు గళ్లతో మొదటి ఏడాది సగం సబ్జెక్టులే తీసుకోండి. గడువు తొమ్మిదేళ్లు ఉన్నప్పుడు తొందరపడవలసిన పని లేదు. మొదటి సబ్జెక్టుగా మీకు బాగా ఇష్టమైనదే ఎంచుకోండి, కష్టమైనదాన్ని ముందు ముగిద్దామనుకోకండి.

చేయి విషయంలో మీ భయం నిజమైనదే. నా మొదటి పరీక్షలో గంటన్నర దాటేసరికి బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా లాగేసి, మూడో ప్రశ్నకు జవాబు తెలిసి కూడా సగమే రాయగలిగాను. ఆ తరువాత నుంచి రోజూ రాత్రి 15 నిమిషాలు, నల్లబల్ల గారు చెప్పిన పద్ధతిలో పుస్తకం మూసి గుర్తున్నది కలంతో రాయడం అలవాటు చేసుకున్నాను. నెలకు అయిదేసి నిమిషాలు పెంచుకుంటూ వచ్చాను. కలం లావుగా, గట్టిగా ఒత్తకుండానే రాసేదిగా చూసుకోండి, పరీక్షకు కూడా అదే కలం తీసుకువెళ్లండి. తరగతులు మొదలయ్యే లోపు ఎంత సమయం ఉందో రాస్తే, ఏ వారానికి ఎంత రాయాలో ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.